సరాయిలో వాల్యా

పెద్దవంగర దగ్గరి తండా,
28 ఆగస్టు 2011, ఆదివారం

చెల్లె జమునకు,

మీ అన్న దేవ్‌సింగ్ రాసేది. ఇక్కడ మీ వదిన నీలి, నేను, రెండు ఎడ్లు బాగానే ఉన్నాం. భూపాలపల్లిలో నువ్వు, మీ ఆయన జగన్ బాగున్నారనుకుంటాను. మిరప నారు పోశాం. మొలిస్తే నీకో బస్తా, లేకపోతే ఈ ఉత్తరంతోనే సరిపెట్టుకో.

గొంతు ఆపరేషనై ఏడు నెలలైంది. ఇప్పుడు ఎడ్లను అదిలించాలన్నా చప్పట్లు కొట్టాల్సి వస్తోంది. మొన్న మన తెలంగాణ మీటింగు వాళ్లు వచ్చారు. నాలుగేళ్లు వాళ్ల ఆటోలో మైకు పట్టుకుని ఊరూరా తిరిగినవాడిని కదా. "దేవ్‌సింగన్నా, నువ్వు రాకున్నా మంచిదే, జర నీ మైకియ్యి" అన్నారు. ఇచ్చేశాను. వాళ్లు పోయాక నీలి ఏడ్చింది. నాకు నవ్వొచ్చింది గానీ, గొంతు లేకుండా నవ్వితే ఎదుటివాళ్లు భయపడతారని మానుకున్నాను.

సెల్లులో రాయమంటావు. మన సెల్లులో తెలుగు అక్షరాలు రావు. అందుకే ఈ ఉత్తరం.

అడిగేదేమిటంటే, మన కథల ఆట ఇంకొక్కసారి ఆడాలని ఉంది. జనగామ హాస్టల్ రోజులు మరిచిపోలేదు కదా? ప్రకాశం వాళ్ల చిన్నాన్న హైదరాబాదులో ఫుట్‌పాత్ మీద కొన్న ఆ ఇంగ్లిషు ఆట పుస్తకం, వాళ్ల కొట్టు మీది మిద్దె గది, ప్రతి ఆదివారం నువ్వు, జగన్, ప్రకాశం, నేను. నేను ఆట పెద్దను. "ఎదురుగా వాగు పొంగుతున్నది, అవతల మంట కనబడుతున్నది, ఏం జేస్తరు?" అని అడిగేవాడిని. మీరు ముగ్గురూ మీ మీ కాగితాల మీద రాసుకున్న మనుషులై జవాబు చెప్పేవాళ్లు. జరుగుతుందో జరగదో తేలకపోతే ఏడు గవ్వలు వేసేవాళ్లం. పుస్తకంలో చెప్పిన పాచికలు మనకు ఎక్కడ దొరుకుతాయి, యాడి పాత గాగ్రా నుంచి గవ్వలు ఊడదీశాం. అమ్మ చేతి దెబ్బలు నాకే పడ్డాయి.

అన్నేళ్లు ఆట పెద్దగానే ఉన్నాను, ఒక్కసారీ ఆడలేదు. ఇప్పుడు గొంతు లేదు కాబట్టి నడపలేను, ఆడగలను. నడిపేది నువ్వు. ఏ కథ ఆడాలో, ఆ సాహసం కూడా నువ్వే ఎంచు. అక్టోబరు పదహారు, ఆదివారం, ప్రకాశం మిద్దె మీద. ప్రకాశానికి నేను రాస్తాను. జగన్‌ను తెచ్చే పూచీ నీది.

మీ అన్న,
దేవ్‌సింగ్


భూపాలపల్లి,
6 సెప్టెంబరు 2011

అన్నకు,

జమున నమస్కారాలు. నీ ఉత్తరం అంగన్‌వాడీ పిల్లలకు గుడ్లు ఉడకబెడుతూ చదివాను. నాలుగు గుడ్లు పగిలాయి. ఆ పాపం నీదే.

ఆదివారం హన్మకొండ వెళ్లి నెట్ సెంటర్‌లో కూర్చున్నాను. నువ్వు నమ్మవు, ఈ ఆట ఆడేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారట. సాహసాలు వందల కొద్దీ ఉన్నాయి. మూడు అచ్చు తీయించాను. ఒకటి మాంత్రికుడి గుహ, ఐదు గదులు, ఐదో గదిలో మణి, మూడు గంటల్లో అయిపోతుంది. రెండోది రాజు కూతురిని ఎత్తుకుపోయిన కథ. ఆటగాళ్లు ఏ దారిన పోయినా చివరికి ఒకే చోటికి వస్తారు, అక్కడ ఏం జరగాలో ముందే రాసి ఉంది. మూడోదానికి ఒక సరిహద్దు ఊరి పటం, అక్కడి మనుషుల పేర్లు, ఎవరికి ఏం కావాలో తప్ప మరేమీ లేదు. మొదలూ లేదు, ముగింపూ లేదు. సగం రాసి విసుగొచ్చి వదిలేసినట్టుంది.

నేను మొదటిది ఎంచాను. నువ్వు మూడు గంటల కంటే ఎక్కువ కూర్చోకూడదు. డాక్టరు ఏమన్నాడో నువ్వు రాయలేదు, ఫోన్ చేస్తే వదిన "మంచిగనే ఉన్నడు" అంటుంది తప్ప ఇంకో మాట రాదు. అన్నాచెల్లెళ్లం మనమా, మీరిద్దరా?

ఇక జగన్ సంగతి. ప్రకాశం పేరు ఎత్తగానే కంచం ముందు నుంచి లేచాడు. పోయిన ఏడాది జనగామ బందు రోజు ఏం జరిగిందో నీకు సగమే తెలుసు. ప్రకాశం కొట్టు షట్టర్ సగం తెరిచి, జ్వరంతో ఉన్న ముసలామెకు సగ్గుబియ్యం ఇస్తున్నాడట. మావాడు గుంపుతో పోయి షట్టర్ కిందికి లాగాడు. ప్రకాశం వేళ్లు నలిగాయి. అక్కడితో ఆగినా బాగుండేది. "నువ్వు మావోనివి గాదు, తెలంగాణోనివి గాదు" అన్నాడట. ప్రకాశం "మా తాత గీ ఊళ్లెనే పుట్టిండు, గీ ఊళ్లెనే కాలిండు, నన్ను గంత మాటంటవా" అన్నాడట. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మావాడికి తప్పు చేశానని తెలుసు. తెలుసు కాబట్టే కంచం ముందు నుంచి లేచాడు.

ఒంట్లో ఎలా ఉందో ఈసారైనా రాయి.

చెల్లె,
జమున


తండా,
14 సెప్టెంబరు 2011

జమునకు అన్న ఆశీస్సులు.

నిన్నటి నుంచి సకల జనుల సమ్మె. బళ్లు మూశారు, ఆఫీసులు మూశారు, జగన్ వాళ్ల బొగ్గు బాయి కూడా ఆగిందని విన్నాను. పోస్టు మాత్రం నడుస్తోంది, మన అదృష్టం.

మాంత్రికుడి గుహ వద్దు. రాజు కూతురు అసలే వద్దు.

కొత్తగా ఆడేవాళ్లకు అవి బాగానే ఉంటాయి. మనలాంటి పాత ఆటగాళ్లకు కథ చెప్పకూడదే, ఊరు చూపించాలి. ప్రకాశం ఏ ఊరికి పోయినా మొదటి గంట సంతలో బేరం చేస్తాడు. జగన్ మూసిన తలుపు కనిపిస్తే పగలగొట్టకుండా ఉండలేడు. నువ్వు దొంగకు కూడా "తిన్నవా?" అని అడిగి, వాడి గోడు విని, చివరికి వాడి తరఫునే నిలబడతావు. ముగింపు ముందే రాసి ఉన్న కథలో మీ ముగ్గురికీ పనేముంది? ఏం చేసినా జరిగేది జరుగుతుందని తెలిశాక ఎవడు గవ్వలు వేస్తాడు?

సాహసం ఎంచేటప్పుడు ఒకటే చూడు. ఆటగాళ్లు రాకపోయినా ఆ ఊరు బతికి ఉంటుందా? ఉంటే అది మంచి సాహసం. ఎవరికో ఏదో కావాలి, ఇంకెవరో అడ్డం నిలబడ్డారు, మిగతాది మనమే తేల్చుకోవాలి. నువ్వు విసుక్కున్న ఆ మూడోదే మనది.

మన పుస్తకం చివరి పేజీలు ఏమయ్యాయో గుర్తుందా? ప్రకాశం వాళ్ల నాయిన బెల్లం పొట్లాలు కట్టాడు. ఆట ఎలా ముగించాలో ఆ పేజీల్లోనే ఉందట. అందుకే మన ఆట ఎన్నడూ ముగియలేదు. హాస్టల్ వదిలిన రోజున కూడా మీ ముగ్గురి కాగితాలు సరాయిలో, ఆట మనుషులు ఆగి పడుకునే ఆ సత్రంలో, పెట్టి వచ్చాం. కాగితాలున్న ఆ రేకు డబ్బా నీ దగ్గరే ఉందనుకుంటాను.

ఒంట్లో బాగుంది. మెడ దగ్గర చిన్న గడ్డ తేలింది, డాక్టరు చూద్దామన్నాడు. చూస్తాడు.

అన్న,
దేవ్‌సింగ్


భూపాలపల్లి,
23 సెప్టెంబరు 2011

అన్నకు జమున రాసేది.

రేకు డబ్బా ఉంది. అటక మీది నుంచి దింపాను. కాగితాలకు చెదలు పట్టలేదు.

కానీ నాకు కోపం వచ్చింది. సాహసం నువ్వే ఎంచు అని రాసి, నేను ఎంచగానే వద్దన్నావు. చిన్నప్పుడు కూడా ఇంతే. అందరికంటే కష్టమైనది నా నెత్తిన పెట్టి, తప్పు చేస్తే పక్కన నిలబడి నవ్వేవాడివి. ముగింపు లేని ఆట నడపడం ఎంత కష్టమో నాకు తెలియదా? ఎవరు ఏం అడుగుతారో, ఏం చెప్పాలో, అంతా అప్పటికప్పుడు పుట్టించాలి. జమునతో కాదు, చివరికి నన్నే పిలుస్తారు అని నీ లోపల ఉంటుంది. అవునా కాదా?

అయినా తయారు చేశాను. కాళేశ్వరం ఒడ్డు మనసులో పెట్టుకుని ఒక రేవు గీశాను. ఒక్కటే పడవ. ఆ పడవ ఇద్దరు స్నేహితులది. ఇద్దరూ మాట్లాడుకోరు. ఒకడు ముందు కూర్చుని, ఒకడు వెనక కూర్చుని తెడ్డు వేస్తారు, పడవ నడిమిట్లో గుండ్రంగా తిరుగుతుంటుంది. అవతలి ఒడ్డున ఉప్పు లేక ఊళ్లు అల్లాడుతున్నాయి. ఇవతల ఒక కోట, దాని తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. ఎవరు పెట్టారో నాకు కూడా తెలియదు. చాలా?

జగన్ పటం చూశాడు. పడవ దగ్గర వేలు పెట్టి చాలాసేపు ఉన్నాడు. "గిది మా గురించేనా?" అన్నాడు. "నది గురించి" అన్నాను. వస్తాననలేదు, రాననలేదు. పొద్దున్నే గని గేటు దగ్గర సమ్మె టెంటుకు పోయాడు.

నీ పాత్ర కాగితం పంపు. గడ్డ గురించి చిన్నది, పెద్దది అని కాదు, డాక్టరు మాట ఉన్నదున్నట్టు రాయి.

జమున


తండా,
1 అక్టోబరు 2011

జమునకు,

నీ రేవు చూశాను. పదిసార్లు చూశాను. నేను గీసినవన్నీ పక్కన పెట్టి చూసినా ఇదే మేలు. గడియ ఎవరు పెట్టారో నీకే తెలియదన్నావే, అక్కడే నువ్వు ఆట పెద్దవైపోయావు.

నా పాత్ర కాగితం దీనితో పంపుతున్నాను. పేరు వాల్యా. ఉప్పు మోసేవాడు. మన ముత్తాతలు ఎడ్ల మీద ఉప్పు మోసుకుంటూ దేశాలు తిరిగినవాళ్లే కదా. ఒక ఎద్దు, రెండు బస్తాల ఉప్పు, ఒక దుప్పటి. బలం మూడు, తెలివి ఐదు, గొంతు ఏడు. గవ్వలు నిజంగానే వేశాను, ఏడూ వెల్లకిలా పడ్డాయి, నీలి సాక్షి.

పదహారున నా కోసం చూడకండి. నా కాగితం సరాయిలో పెట్టి, మీరు ముగ్గురూ మొదలుపెట్టండి. తప్పకుండా మొదలుపెట్టండి.

దేవ్‌సింగ్


భూపాలపల్లి,
8 అక్టోబరు 2011

దేవ్‌సింగ్ అన్నకు,

మొన్న దసరా. నువ్వు లేకుండా జమ్మి ఆకు ఎవరి చేతిలో పెట్టాలో తెలియక గుమ్మానికి గుచ్చాను.

నీ ఉత్తరం మరీ పొట్టిది. అక్షరాలు కోడి గీతల్లా ఉన్నాయి. అంత కోపంతో రాశావని అర్థమైంది. సరాయి సంగతి నాకు చెప్పాలా? జ్వరమొస్తే, పరీక్షలుంటే కాగితం సరాయిలో పెట్టొచ్చు, సరాయిలో ఉన్నవాడిని ఎవరూ ముట్టుకోకూడదు, అదీ నియమం. కానీ మనలో జ్వరానికి పెట్టింది ఎవరు? అందరం అలిగినప్పుడే పెట్టాం. జగన్ తలుపు పగలగొట్టాడని ప్రకాశం నెల రోజులు పెట్టాడు. నా వంతు రాలేదని నేను రెండుసార్లు పెట్టాను. పోయినసారి నేను నాలుగు మాటలన్నానని ఇప్పుడు నువ్వు పెడుతున్నావు. నలభై ఏళ్లొచ్చాయి నీకు.

చెరువు మీద అలిగినవాడి సామెత నీకు తెలుసు, ఆడపిల్లను, పూర్తిగా రాయను.

నువ్వు లేకుండా మేం మొదలుపెట్టేది లేదు. బస్సులు కూడా లేవు. సమ్మె అయిపోయాక తీరిగ్గా కూర్చుందాం. ఆట ఎక్కడికి పోతుంది? ప్రకాశానికి కూడా ఇదే రాశాను. నీ అలక తీరినాక రాయి.

జమున


తండా,
12 అక్టోబరు 2011

జమునా,

వాయిదా వేయకండే.

అలగలేదు. నీ మీద ఎన్నడూ అలగలేదు. ఉన్నది రాస్తే సమ్మెలో పడి, జీపులు పట్టుకుని, ఏడ్చుకుంటూ వస్తావని రాయలేదు. నా మంచం చుట్టూ కూర్చోవడం వద్దు. మీరు మిద్దె మీద కూర్చున్నారని తెలిస్తే చాలనుకున్నాను. సరాయి అంటే నీకు అర్థమవుతుందనుకున్నాను. తప్పు నాదే.

ముగింపు లేనిదే ఎందుకు అడిగానో చెబుతాను. గుహ అయితే మణి దొరకగానే ముగ్గురూ లేచి ఎవరిళ్లకు వాళ్లు పోతారు. ప్రకాశం, జగన్ మళ్లీ ఎదురుపడరు. నీ రేవు ఒక ఆదివారంలో అయ్యేది కాదు. ఇంకో ఆదివారం రావాలి, ఆపైన ఇంకోటి. ఉప్పు దాటించాలి, తలుపు తీయించాలి, నువ్వేమో దొంగకు అన్నం పెట్టాలి. ఏళ్లు పడుతుంది. అప్పటికి తెలంగాణ కూడా వస్తుందేమో. వాళ్లిద్దరూ ఒక చాప మీద కూర్చోవాలంటే నాకు ఇది తప్ప ఇంకో ఉపాయం తోచలేదు.

వాల్యా ఇప్పుడు సరాయి అరుగు మీద ఉప్పు బస్తాకు ఆనుకుని ఉన్నాడు. ఎద్దును కట్టేశాడు. ఎవరైనా వచ్చి లేపితే లేస్తాడు. ఇది నా ఎత్తు. దీనికి నువ్వు జవాబు రాయాలి.

అన్న


భూపాలపల్లి,
14 నవంబరు 2011

అన్నకు,

ఎత్తుకు జవాబు రాయాలన్నావు కాబట్టి రాస్తున్నాను. వదినకు ఇవ్వమని కవరు మీద రాస్తాను. ఎవరితోనూ చదివించుకోవద్దు, నీ పెట్టెలో వేస్తే చాలని ఫోన్‌లో ఆమెకు చెప్పాను.

నీ ఉత్తరం నాకు ఇరవయ్యో తేదీన అందింది. అప్పటికి నువ్వు పోయి ఐదు రోజులు. పదిహేనో తేదీ పొద్దున వదిన ఫోన్ చేస్తే జగన్ బండి మీద బయలుదేరాం. పరకాలలో ఒకసారి, వరంగల్ దాటాక ఒకసారి రోడ్డుకు అడ్డంగా సమ్మె వాళ్ల వంటావార్పు జరుగుతోంది. జగన్ "మా బావ పోయిండు" అంటే దారి ఇచ్చారు, ఒకాయన నీళ్లు కూడా ఇచ్చాడు. మేం వచ్చేసరికి ప్రకాశం స్కూటర్ నీ వాకిట్లో ఉంది. ఎవరు చెప్పారో, ఎప్పుడు వచ్చాడో. నీ కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. పాడె ముందు కొమ్ము జగన్ పట్టాడు, రెండో కొమ్ము ప్రకాశం పట్టాడు. వాగు దాకా పక్కపక్కనే నడిచారు. ఒక్క మాట లేదు.

నేను ముందే రాగలిగేదాన్ని అన్నా. అక్టోబరు ఒకటి నాటి నీ ఉత్తరం అందినప్పుడు నువ్వు బతికే ఉన్నావు. ఆ వంకర అక్షరాలు చూసి చెయ్యి వణికిందనుకోలేదు, కోపమనుకున్నాను. బస్సులు లేవని రాశాను గానీ, నువ్వు పోయాక అదే దారిలో నాలుగు గంటల్లో వచ్చాను కదా. నేను నీకు ఆఖరిసారి రాసింది చెరువు మీద అలిగినవాడి సామెత. అది చదివి నువ్వు నవ్వావని వదిన చెబుతోంది. నా తృప్తి కోసం చెబుతోందేమో. నమ్మాలని ఉంది, నమ్మలేకపోతున్నాను.

నిన్న ఆదివారం ప్రకాశం మిద్దె మీద కూర్చున్నాం. నీ ఆఖరి ఉత్తరం ఇద్దరికీ చదివి వినిపించాను. జగన్ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉన్నాడు. ప్రకాశం చాప పరిచాడు. ఆ రెండు వేళ్లు ఇప్పటికీ సరిగా ముడుచుకోవు, చాప అంచు ఇంకో చేత్తో లాగాడు. జగన్ అది చూశాడు.

డబ్బాలోంచి కాగితాలు తీశాను. వాల్యా కాగితం చాప మీద పెట్టాను. ప్రకాశం, "సచ్చిపోయినోని కాగితం చింపాలె. గది మన నియమం. దేవ్‌సింగే పెట్టిండు" అన్నాడు. నాతోనే చెప్పాడు, జగన్ వైపు చూడలేదు.

జగన్ గిర్రున తిరిగాడు. "సరాయిల ఉన్నోనికి ఏం గాదన్నది గూడ నియమమే గద. గది గూడ ఆయనే పెట్టిండు. నువ్వు నెల రోజులు పండుకున్నప్పుడు నీ కాగితం ఎవరన్న చింపిన్రా?"

"నేను బతికున్న!"

"వాల్యా గూడ బతికే ఉన్నడు. సచ్చింది మా బావ."

ఆ మాట అన్నాక జగన్ ఏడ్చాడు. పెళ్లయి పదహారేళ్లలో నేను చూడలేదు. ప్రకాశం, "సరె, చింపకుర్రి" అన్నాడు. కాసేపటికి జగన్, "వేళ్లు నొస్తున్నయా ఇంక?" అని అడిగాడు. "చలికాలమొస్తే నొస్తయ్" అన్నాడు ప్రకాశం. నువ్వు ఇన్ని రోజులు పన్నిన ఉపాయానికి దొరికింది ఇంతే. ఏడాదిన్నర తర్వాత వాళ్లు నియమాల మీద కొట్లాడుకున్నారు, తర్వాత వేళ్ల గురించి మాట్లాడుకున్నారు. నువ్వు ఉండి ఉంటే బస్తా మీద కూర్చుని చప్పట్లు కొట్టేవాడివి.

ఆట మొదలుపెట్టాను. రేవు గురించి, పడవ గురించి, కోట తలుపు గురించి చెప్పి, నీలాగే "ఏం జేస్తరు?" అని అడిగాను. ప్రకాశం ముందు సంతకు పోతాడనుకున్నాను. జగన్ కోట తలుపు మీద పడతాడనుకున్నాను. ఇద్దరూ సరాయికి పోతామన్నారు.

సరాయి అరుగు చూపించాను. ఉప్పు బస్తాకు ఆనుకుని ఒక మనిషి పడుకుని ఉన్నాడు, పక్కన ఎద్దు ఉంది అని చెప్పాను. ప్రకాశం గవ్వలు నా ముందుకు జరిపాడు. "లేస్తడో లేవడో, ఎయ్యి" అన్నాడు.

ఆట పెద్దను నేనే. లేపాలంటే గవ్వలు కూడా అక్కర్లేదు, లేచాడు అంటే లేచినట్టే. ఏడు గవ్వలూ పిడికిట్లో పట్టుకున్నాను. వేయలేదు. ఎవరైనా వచ్చి లేపితే లేస్తానని రాశావు, లేపాల్సిన రోజున నేను రాలేదు. ఇప్పుడు లేపే మొహం నాకెక్కడిది?

"అలిసి పండుకున్నడు, లేపకుర్రి. ఎద్దు ఆకలి మీదున్నది" అన్నాను.

వాళ్లిద్దరూ ఎద్దుకు గడ్డి వేశారు.

నీ చెల్లె,
జమున